తూకం

ఫ్రీస్లాండ్ రోడ్డు మలుపులో
తన లారీలోంచే జారిపడిన బ్రాయిలర్ కోడిని
వీబ్రెన్ చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.
ఆరు వారాలకు మించి ఆయుష్షు రాయని జాతి.

ఇప్పుడు దానికి మూడో చలికాలం.

పొద్దున్నే వంటింటి త్రాసులో గింజలు తూస్తాడు,
ఒక్కటి ఎక్కువైనా వేలితో వెనక్కి తీస్తాడు.
నీళ్లు పెరటికి ఈ చివర, మేత ఆ చివర:
నడవాలి మరి, గుండె కోసం.
ఎక్కి పడుకునే కర్ర జానెడెత్తే;
అంతకంటే పైనుంచి దూకితే
ఆ కాళ్లు ఓర్చవు.

అది బూటు లేసులు పొడుస్తూ
ఇంకా, ఇంకా అంటుంది.

ముప్పై ఏళ్లు బరువుకే వెల కట్టినవాడు
పిడికిలి బిగించి
"చాలే తల్లీ" అంటాడు,
దాని కళ్లలోకి చూడకుండా
గడ్డకట్టిన కాలవకేసి చూస్తూ.

నిన్న గిన్నెలో నాలుగు గింజలు ఎక్కువేమిటని
షౌక్యా అడిగితే
త్రాసు పాడైందన్నాడు.