అక్రోటు కాయంత

డండీలో చివరి బస్సు డిపోలో పెట్టి వచ్చాను.
వణుకు. టే నది గాలేలే అనుకున్నాను.

మూత్రం బొట్టుబొట్టుగా, మంట.
కూర్చుంటే కిందనుంచి మేకు దిగేసినట్టు.
హైమతో "నడుం నొప్పి" అన్నాను.
ఆ చోటు గురించి చెప్పడానికి
నాకొచ్చిన తెలుగులో తిట్లే ఉన్నాయి.

తెల్లారుజామున నూటమూడు జ్వరం.
డాక్టర్ మోరాగ్ కాగితం మీద మూత్రాశయం గీసింది,
దాని మెడ కింద చిన్న గుండ్రం:
"ప్రోస్టేట్. అక్రోటు కాయంత. సూక్ష్మజీవులు చేరి వాచింది."
బొమ్మలో సిగ్గుపడేదేమీ కనిపించలేదు.

చేతికి సూది. సీసాలో మూత్రం పరీక్షకి.
నాలుగోరోజుకే ధార కుదిరింది.
మాత్రలు మాత్రం ఇంకా మూడు వారాలవి.
మానేస్తానంటే హైమ డబ్బా గలగలలాడిస్తుంది,
టికెట్ లేనివాణ్ణి నేను ఆపినట్టే.

నిన్న క్యాంటీన్లో ఫర్గస్,
నుదుటిన చెమట, నిలబడే టీ తాగుతూ:
"ఏం లేదు, నడుం నొప్పి."

టికెట్టు వెనక
అక్రోటు కాయ గీశాను.