ఏడో మీట

సముద్రం కన్నా రెండు మీటర్లు కింద
ఆవులు మేస్తున్నాయి.
వాటికా సంగతి తెలియదు.
తెలిసిందల్లా చిట్స్కె హుక్స్ట్రాకి,
ఆమె ముందున్న గోధుమరంగు పెట్టెకి.

నీటి మండలి నన్ను పంపింది,
పద్నాలుగు గళ్ళ ఫారం చేతికిచ్చి.
"మార్చవలసినవి" అని పైన అచ్చు.
ఫ్రీస్‌లాండ్‌లో నవంబరు. వాన అడ్డంగా పడుతోంది.
పంపుహౌస్ తలుపు భుజంతో నెడితేగాని తెరుచుకోలేదు.

ఎనభై ఎనిమిదిలో కొన్నారట.
అప్పటికి నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి.
నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు,
కాలవ మట్టం, గేటు ఎత్తు, గాలి దిక్కు.
బొమ్మల్లేవు.
"మీ అనుభవం ఎలా ఉంది?" అని అడిగే నక్షత్రాల్లేవు.
మీట నొక్కితే, వేలు పైకి లేచేలోపే జవాబు.
నా సంచిలో కొత్త ల్యాప్‌టాప్ మాత్రం
ఇంకా ఒళ్ళు విరుచుకుంటూనే ఉంది.

కొత్తొక వింత అంటారు కదా,
సామెతలో రెండో సగం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.
ఆ గదిలో రోత ఏదీ కనబడలేదు.
నూనె పట్టించిన ఫ్యాను,
కీబోర్డు మీద 'ఇ' అరిగిపోయిన చోట
గోళ్ళరంగుతో పెట్టుకున్న ఎర్రచుక్క.

"ఇది చచ్చిపోతే?" అన్నాను.
ఆమె బీరువా తెరిచింది.
లోపల అదే ఈడువి మూడు,
మూతలు తీసి, అవయవాలు విప్పి,
ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ.
ఇది లేవార్డెన్ బడిది,
ఇది మూతబడ్డ చీజ్ ఫ్యాక్టరీది,
ఇది మా బావది, గుర్రప్పందాల లెక్కలు రాసుకునేవాడు.
"వీటి ఎముకల మీద ఇంకో ఇరవయ్యేళ్ళు" అంది,
"నా మోకాళ్ళు అంతకాలం ఉండవు."

ప్రోగ్రాం ఎవరు రాశారంటే
మొదట కంపెనీ, అంది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు.
తర్వాత నేను.
పాత కోటుకి కొత్త జేబు కుట్టుకున్నట్టు
ముప్పయ్యేళ్ళుగా ఒక్కో వరుసా.
ఎడమచేతి వాటం కనుక
ముఖ్యమైనవన్నీ ఎడమవైపుకి తెచ్చుకుంది.
రెండో మీట పొరుగు పంపు వాడి ఫోను నంబరు.
నాలుగోది వాన లెక్క, వాళ్ళ నాన్న వాడిన కొలతల్లో.
పెద్దగాలి వీచే రాత్రి
తెర మూల "టీ పెట్టుకో" అని వస్తుంది.
తనకి తానే వేసుకున్న ఆజ్ఞ అది.
ఇంకెవరికీ అక్కర్లేదు.

మరి ఏడో మీట?
"మలుగుపాములకి."

చీకటి రాత్రుల్లో
మలుగులు సముద్రానికి బయల్దేరతాయి.
పంపు పూర్తి వేగంతో తిరిగితే ముక్కలవుతాయి.
ఏడు నొక్కితే రెక్కలు నెమ్మదిస్తాయి, గంటన్నర సేపు.
నీరు ఒక వేలెడు పెరుగుతుంది.
ఆ వేలెడు ఊరు భరిస్తుంది.
"ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని?"
"తొంభై మూడులో జల్లెడ కడిగింది నేనే."
అంతకన్నా చెప్పలేదు.

వయసు, విద్యుత్తు, భద్రత, విడిభాగాలు.
మలుగుపాముకి గడి లేదు.
కొత్త వ్యవస్థలో చేర్చగలరా అని ఆఫీసుకి ఫోను చేశాను.
దానికి వేరే అర్జీ ఉందట,
మూణ్ణెల్లకోసారి చూస్తారట.
మలుగులు ఈ రాత్రే వెళ్తాయి.

నేనేం ధైర్యవంతుణ్ణి కాను.
రేపు ఊళ్ళోకి నీళ్ళొస్తే
వెతికేది నా సంతకాన్నే.
అందుకని ఆ వరుసలన్నీ అచ్చు వేసివ్వమన్నాను.
అంచుల్లో చిల్లులున్న కాగితం
కీచుకీచుమంటూ మోకాళ్ళ దాకా పేరుకుంది.
"మార్చవలసినది" దగ్గర పెన్ను పెట్టి
చాలాసేపు ఉంచాను. సిరా చుక్కైంది.

చీకటి పడ్డాక ఆమె కుర్చీ జరిపి
"నొక్కుతారా?" అంది.
నొక్కాను.
నేల కింద రొద ఒక మెట్టు దిగింది.
గేటు దగ్గర టార్చి వేసి చూస్తే
నల్లటి నీళ్ళు, వాన చుక్కలు, అంతే.
"కనబడవు" అంది చిట్స్కె,
"పదండి, టీ పెట్టమంటోంది."