కొలతదారాలు

మా అమ్మమ్మ నాంచారమ్మకు చదువు రాదు.
ఉప్పుగూడ పట్టాల పక్కన ఒకటిన్నర గదిలో
గోడకు కొట్టిన మేకుకు వేలాడేవి
ఆమె లెక్కలన్నీ:
తెల్లటి పురిదారాలు,
ఒక్కో దారం కొసన ఒక్కో గుడ్డపేలిక,
ఛాతీకో ముడి, నడుముకో ముడి,
చేతికి సగం ముడి.

బస్తీ ఆడవాళ్ళందరి ఒళ్ళూ
ఆ మేకు మీదే ఉండేది.
ఎవరికి నెల తప్పిందో
వాళ్ళ అత్తకన్నా ముందు అమ్మమ్మకు తెలిసేది.
నోరు విప్పేది కాదు.
కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలేది,
అంతే.

పండుగ ముందర "ఇంకా కాలేదా" అన్నారో,
కత్తెర ఠక్కున బల్లమీద పెట్టి
"నీ పెండ్లినాటి జాకెట్ల ఇప్పుడు పడతవా నువ్వు?
పట్టేటట్టు చేస్తున్న. కూసో."

మంగళవారం మిషను తొక్కేది కాదు.
మోకాళ్ళను తిట్టుకుంటూ
లాల్‌దర్వాజ దాకా నడిచేపోయేది.
ఆషాఢం వచ్చిందంటే
అమ్మవారికి జానెడు జాకెట్టు,
ఎర్రది, జరీ అంచుది.
ఆమె కూలి అడగని ఒకే ఒక్క గిరాకీ.
ఆ దారమూ ఆ మేకుకే,
పసుపు పూసుకుని, అందరి మధ్యలో.
"నలభై ఏండ్ల సంది ఒకటే కొలత.
కాన్పుల్లేవు, థైరాయిడ్ లేదు,
నీదే రాత తల్లీ" అని గొణిగేది.
అది మొక్కో ఎత్తిపొడుపో
నాకిప్పటికీ తెలీదు.

చెరువు కట్ట తెగి
గల్లీలోకి నడుమెత్తు నీళ్ళొచ్చిన రాత్రి
కరెంటు లేదు.
మామ చీకట్లో దేవుడి పీటకు చేయి చాపాడు.
"అది ఉండనియ్. మిషను పట్టు.
దేవుండ్లకు ఈతొస్తది, దీనికి రాదు."
దారాల కట్టను సత్తుగిన్నెలో పెట్టి
బోనం ఎత్తినట్టే నెత్తినెత్తుకొని
నిచ్చెన ఎక్కింది
డెబ్బైరెండేళ్ళ మనిషి.

మూడోనాడు బురదలో దొరికిన ఇత్తడి దేవుళ్ళను
చింతపండుతో తోముతూ
ఒక్కొక్కరికీ పేరుపేరునా చెప్పుకుంది:
"తప్పయింది నాయనా.
నీకు లోకం నిండ ఇండ్లు. మాకిదొక్కటే."
ఆ పొద్దంతా మంచినీళ్ళు ముట్టలేదు.
తెల్లారి మిషనుకు నూనె పోసి
తడిసి చిరిగిన బస్తీ బట్టలన్నీ ముందేసుకుంది,
ఉద్దెరకు.
ఆ ఉద్దెర సగం ఇంకా రాలేదు.

మొన్న ఫిబ్రవరిలో పోయింది.
మధ్యాహ్నం, కాజా కుడుతూ.
మేం చూసేసరికి సూది
ఇంకా గుడ్డలోనే ఉంది.

పదకొండు రోజులు గడిచాక
గడపలో మైమూనా బీ.
"జాకెట్టు కుట్టకున్నా సరే బేటీ,
నా దారమియ్యి.
శాలిబండ టైలరు టేపు పెడతానంటడు,
నేను పెట్టనియ్య."
మేకు దగ్గర నా చేతులు తడబడ్డాయి.
ఆమే వచ్చి, ఆకుపచ్చ పేలిక చూసి,
తన దారం తను విప్పుకొని
కొంగున ముడేసుకుంది.

తరువాత ఒక్కొక్కరే.
పూలమ్మే ఈశ్వరి. మిర్చిబండి వాళ్ళ పెద్దకోడలు.
ఒకామె దారం ముక్కుకు ఆనించుకొని
చాలాసేపు నిలబడింది,
మిషను నూనె వాసన అంది.
కోపమొచ్చి ఆర్నెల్లు మాట్లాడని రాజేశ్వరి కూడా వచ్చింది.
ఆమెదీ ఉంది,
పారేయలేదు.

ఇప్పుడు మేకు మీద
పసుపు దారమొక్కటే.

నాకు కుట్టడం రాదు.
పత్తర్‌గట్టీలో ఎర్ర గుడ్డ కొన్నాను.
మొదటిది పాడైంది, రెండోది పాడైంది.
మూడోదానికి ఎడమ చెయ్యి కుడివైపొచ్చింది,
విప్పి మళ్ళీ వేశాను.
అమ్మవారు ఏమీ అనదు.
అనేమనిషి లేదు.

జరీ అంచు వేసి, తిరగేసి చూసుకుంటే
కుట్టు లోపల
రెండు వేళ్ళ గుడ్డ వదిలేసి ఉన్నాను.
కత్తిరించబోయి
ఊరుకున్నాను.
ఎందుకైనా మంచిది.