సుతిలి కొలత

మంచం పక్క డబ్బాకు ఒక లెక్కుంది.
పరుపు మీద ఆనిచ్చిన చెయ్యి
పక్కకు జరిపితే ఎక్కొద్దు, జారొద్దు,
మడిల నించి మడిలకు నీళ్లు పారినట్టు
పలక మీదికి పోవాలె.
ఇది మా నాయిన నేర్పింది కాదు.
ఆయన కాలంల మంచం పక్కన నేలే ఉండె,
నేల మీద చెంబు ఉండె.
నేను పాడుజేసిన ఏడెనిమిది డబ్బాలు నేర్పినయి.

ఇప్పుడందరు ఫోన్ల ఫోటో తెస్తరు.
తెల్లటిది, బంగారి పిడిది.
"మామా, గిట్లనే" అంటరు.
మీ మంచం ఎంతెత్తంటే మొకం జూస్తరు.
అర్ర ఇరుకు, ఒక్కటి సాలంటే ఇనరు,
జోడు లేకుంటే ఇల్లు బోసిగుంటదట.
తలుపుకు తాకి వాపసొచ్చిన జోడొకటి
చండూర్ల నా కొట్టు ముందలే ఉన్నది.
ఒకదాంట్ల మొలలు పోసుకున్న.
ఇంకోదాని మీద చాయ పెట్టుకుంట.

ఇద్దమ్మ ఫోటో తేలె.
మర్రిగూడ అవతలి నించి రెండు ఆటోలు మారొచ్చి
కొంగుముడి ఇప్పి సుతిలి తీసింది.
సుతిలికి మూడు ముడులు.
"ఈ కొస నేలకు పెట్టు.
పై ముడి కాడ పలక.
నడిమి ముడి కాడ సొర్గు."
ఇంకేదో అన్నది.
మిషన్ నడుస్తున్నది, ఇనపడలె.
ఇన్నట్టే తలూపిన.

పై ముడి ముప్పై రెండించీలు.
మంచమేమో పద్దెనిమిది.
"అవ్వా, బర్రె పక్కన ఒంటె లెక్కుంటది" అన్న.
"ఉండనీ" అన్నది.
"ఒక్కటే చెయ్యి. కుడి దిక్కుకు."
ఇంచీలు తెల్వని మనిషి,
యాడనో తప్పిందనుకున్న.
కింది ముడైతే నేలకు జానెడు గూడ లేదు,
చిక్కువడ్డ ముడనుకొని ఇడిసిపెట్టిన.

ఐతారం నాడు ట్రాలీల ఏసుకపోయిన.
బుగ్గయ్య గోడకొరిగి ఉన్నడు.
పండుకున్నా గట్లనే, కూసున్నా గట్లనే.
మెడ తిరగదు.
మోచెయ్యి మడతవడి ఇరువై ఏండ్లాయె.
బోరింగు నీళ్లు, ఊరి నీళ్లే,
బొక్కకు బొక్కను అతికిచ్చినయి.
డబ్బా నిలవెట్టినం.
ఇద్దమ్మ పలక మీద గిలాస పెట్టింది.
ఆయన చెయ్యి
మీదికి రాదు, కిందికి పోదు,
దానికి తెలిసిన ఒక్క తొవ్వల మెల్లగ పోయి
గిలాస అంచు కాడ ఆగింది.
ముప్పై రెండించీలు.
గిలాసల ఉన్నయి గూడ నీళ్లే.
నేను సందుక దిక్కు సూసుకుంట నిలవడ్డ.

"మరి నాదేది?" అన్నది ఇద్దమ్మ.

అప్పుడు సూసిన.
మంచం కింద అంచుకు చాప.
చాప తల కాడ టార్చిలైటు,
దారంతోటి కట్టిన కండ్లద్దాలు.
రాత్రి ఆయన పిలిస్తే తడుముకుంటదట.
మొన్న తడుముతుంటే
మోకాలు అద్దాల మీదే పడ్డదట.
సొర్గేమో ఆమె మోకాళ్ల మీద లేస్తే అందే ఎత్తు.
కింది ముడి, పండుకున్న చెయ్యి ఎత్తు.

ఏం మాట్లాడలె.
సుతిలి అడిగి మళ్ల తీసుకున్న.
కొట్టుకు వొచ్చి, టేపు పక్కన పెట్టి,
సుతిలినే నేలకు ఆనిచ్చి గీత గీసుకున్న.
వేపచెక్క ముక్కొకటి మిగిలుండె.
రెండు దఫాలు రంద వట్టిన.
అద్దాలు జారకుంట అంచు కొంచెం లేపిన,
చీకట్ల ఏలుకు పేడు గుచ్చొద్దని
మూలలు గుండ్రం జేసిన.

పైసలు వొద్దన్ననని చెప్పుకోవచ్చు గని, అనలె.
యాభై ఇచ్చింది, తీసుకున్న.
తీసుకోకుంటే ఆ మనిషి ఊకునేది కాదు.

ఎల్లేటప్పుడు సుతిలి అడిగింది.
బీరతీగ పాకియ్యనీకట.
ముడులు ఇప్పి ఇయ్యబోయిన.
"ఉండనియ్యి, తీగెకు పట్టు దొరుకుతది" అని
గుంజుకున్నది.