దా

బుధవారం సగం షట్టరే తీస్తాను.
ఆ రోజు మాస్టారు జాకెట్లివ్వడని
గుణుపురంలో ఆడవాళ్ళందరికీ తెలుసు.

సైకిలు బారుకి పాత తువ్వాలు చుట్టి కుట్టిన సీటు,
దాని మీద వాడు.
వంశధార గాలి చెవికి తగిలితే
మెడ వంచి నవ్వుతాడు.
నేను పిలిస్తే తిరగడు.

ఇంట్లో పురుషోత్తం.
బడి రిజిస్టర్లో పురుసొత్తొమొ,
ఒడియా నోట పడితే ఏ పేరైనా చివర గుండ్రబడుతుంది.
వాడు దేనికీ పలకడు.
గుడ్డలో కత్తెర పరిగెత్తే చప్పుడుకి మాత్రం
ఏ గదిలో ఉన్నా వచ్చేస్తాడు.

ఆరో ఏడు.
మా అమ్మ వస అరగదీసి నాలిక్కి రాసింది.
వాడు నాకాడు,
మాటలు మాత్రం చుట్టాలకొచ్చాయి.
"మగగుంటలు ఆలీసింగా మాటాడతారు బావా."
"సెల్లు సూపించి పాడు సేసేరు."
"మీ ఆవిడి కడుపుతో ఉన్నప్పుడు గానీ గ్రహణం..."
ఆ రాత్రి మా ఆవిడ నీలవేణి
పంచాంగం ముందేసుకుని
తొమ్మిది నెలలూ వెతికింది.

బ్లాకాఫీసు వెనక, పాత బియ్యం గోదాం పక్క గది.
బరంపురం నుంచి వచ్చే సుచరిత మేడమ్
బియ్యం తొట్టిలో వాడి చేతులు ముంచుతుంది.
మెత్తటి బ్రష్షుతో మోచెయ్యి నిమురుతుంది.
స్ట్రాతో దూదిని ఊదమంటుంది.
దూది కదలదు.
మళ్ళీ అంటుంది.
నలభై నిమిషాలు అలా.
నేనైతే నాలుగో సారికే కసిరేవాణ్ణి,
కసిరాను కూడా, ఇంట్లో, చాలా సార్లు.

నా వంతుగా బొత్తాల డబ్బా పట్టుకెళ్ళాను.
రెండు కన్నాలవి ఒక పక్క,
నాలుగు కన్నాలవి ఇంకో పక్క,
వాడు తప్పు చెయ్యడు.
మా షాపులో కుర్రాడు చేస్తాడు.

"ఇంట్లో ఒకటే భాష మాటాడండి" అని
మేడమ్ మూడు భాషలు కలిపి చెప్పింది.
ఒకటంటే ఏది?
పొయ్యి దగ్గర తెలుగు, గల్లా దగ్గర ఒడియా,
సంతలో బేరానికి సవర, రాత్రి టీవీలో హిందీ.
అందరికీ కొలతలు తీసేవాణ్ణి,
మా ఇంటి కొలత నా టేపుకి అందలేదు.

జూన్ నెల. ఫ్యాను లేదు, కరెంటు పోయింది.
బియ్యంలోంచి చెయ్యి తీసి
ఎవర్నీ చూడకుండా అన్నాడు:
"దా."

నన్నే రమ్మన్నాడు!
కుర్చీ పడేసి లేచాను.
మేడమ్ బొమ్మల కార్డులు తిరగేసి
కొడవలి బొమ్మ పైకెత్తింది,
ఒడియాలో దా అంటే కొడవలి.
వాడు నన్నూ చూడలేదు, కొడవలినీ చూడలేదు.

గది ఊడ్చే సొంబారి
చీపురు గోడకి ఆనించి
కుండలో గ్లాసు ముంచి తెచ్చింది.
గటగటా తాగేశాడు,
చొక్కా ముందంతా తడిసింది.

"మా సవర్లో నీళ్ళు" అంది.
చివర గొంతులో చిన్న తెంపు,
పళ్ళతో దారం కొరికినట్టు.
రెండేళ్ళుగా ప్రతి బుధవారం
గ్లాసందిస్తూ ఆ మాట అంటూనే ఉందట.
ఫైల్లో దానికి గడి లేదు.

నిజం చెప్పాలి, నాకు సంతోషం తర్వాతే వచ్చింది.
ముందు కడుపులో ఏదో రగిలింది,
నా కొడుకు మొదటి మాట నాది కాదని.
నీలవేణికి అలాంటిదేం లేదు.
ఆ రాత్రి గ్లాసు పట్టుకుని "దా, దా" అంది,
వాడు వచ్చాడు, తాగాడు.
రమ్మందో, నీళ్ళందో, ఆమే ఎరగదు.

మరుసటి బుధవారం సొంబారిని అడిగాను,
బొత్తాన్ని మీ భాషలో ఏమంటారని.
చీపురు ఆపి చాలాసేపు ఆలోచించింది.
"బొత్తామే" అంది.
మేడమ్ కూడా తలూపింది, తమకీ అంతేనని.

సరే, అదొక్కటీ నేను చెప్తాను.
రోజూ మిషను ఆపాక
వాడి అరచేతిలో ఒకటి పెడతాను,
నాలుగు కన్నాలది.
మాట చెప్తాను. ఆగుతాను.
ఇంకా అనలేదు.
బొత్తాం మాత్రం
తెల్లారేదాకా పిడికిట్లోనే ఉంటోంది.