దగ్గు మీట

స్ట్రాస్‌బర్గ్‌లో, సభకు పైన, అద్దాల గదిలో
రోజంతా నేను "నేను" అంటాను.
ఆ నేను నేను కాను.

పొద్దున పదిన్నరకి పోర్చుగల్ రైతుల ప్రతినిధిని,
పదకొండు కాకముందే డబ్లిన్ నుంచి వచ్చిన జలుబు గొంతు లాయరుని,
ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఒక మాజీ పోలీసుని.
వాళ్ల కోపం నా నోట్లో పడి లిథువేనియన్ అవుతుంది,
ఒక వాక్యం వెనకబడి నడుస్తుంది
పెద్దవాళ్ల చెయ్యి పట్టుకున్న పిల్లలా.

ఇవాళ్టి బిల్లు: ఫోన్లో మాట చేరాల్సిన చోటికి చేరేలోపు
ఒక యంత్రం దాన్ని చూసి పంపాలా, వద్దా.

"చూస్తే ఏం పోయింది?" అన్నాను, మాజీ పోలీసునై.
"తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?
దొరకని పిల్లల ఫోటోలు నా బల్ల మీద ఇంకా ఉన్నాయి."
గొంతు వణికింది. ఆయనదే. కొంచెం నాది కూడా.
"స్నానాలగదికి గడియ పెట్టుకునే ప్రతివాళ్లూ
దొంగలా అండీ?" అన్నాను, డబ్లిన్ ఆవిడనై.
కింద నవ్వులు. నవ్వుల్ని అనువదించక్కర్లేదు.

ఆర్టికల్ పదమూడు, సవరణ నూట డెబ్భై నాలుగు.
పక్క కుర్చీలోంచి ఎగిదీయుస్ అంకెలు చీటీ మీద రాసి
నా ముందుకు తోస్తున్నాడు.
ఆ సవరణలో ఒక మాట:
"వినడానికి నియమితులైన వారు."
రెండు సెకన్లు ఆగిపోయాను.
ఈ ఉద్యోగంలో రెండు సెకన్లంటే చాలా దూరం.

గోడలకు చెవులుంటాయంటారు.
మా ఊళ్లో, కౌనస్‌లో, ఆ చెవి మా నాన్న.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ మూడో అంతస్తు, పేరు రాయని తలుపు,
రాత్రి డ్యూటీ, ఇలాంటి హెడ్‌ఫోన్లే,
కాకపోతే బరువైనవి, తోలు చిట్లినవి.
ఎదురింటి యుర్గిత కడుపుతో ఉందని
వాళ్లమ్మకంటే ముందే ఆయనకి తెలుసు.
మెట్ల మీద ఆ పిల్ల ఎదురైతే తల దించుకునేవాడు.
సిగ్గరి మనిషి అనుకునేవాళ్లం.
ఇంట్లో ఫోన్ మోగితే ముట్టుకోడు.
ఉప్పు అందించమనాలన్నా
ముందు రేడియో పెంచేవాడు.

ఆస్పత్రిలో ఒక్కటి చెప్పాడు.
నన్ను నిద్రపుచ్చిన జోల ఆయనది కాదట, నానమ్మదీ కాదట.
ఎక్కడో ఉత్తరాన, గనుల దగ్గర్నుంచి ఒక మనిషి
నెలకోసారి, దొరికిన మూడు నిమిషాల్లో,
కూతురికి తీగ మీద పాడేవాడట.
"అది మాత్రం రాయలేదు," అన్నాడు,
"గుర్తుపెట్టుకున్నాను."
క్షమించమని చెప్పాడో, గొప్పగా చెప్పాడో
ఇరవయ్యేళ్ల అనుభవం, ఆ వాక్యం మాత్రం ఇప్పటికీ నాకు లొంగలేదు.

అందులో ఒక నక్క ఉంటుంది, మంచులో రొట్టె మోసుకొచ్చే నక్క.
దాని మీదే పెరిగాను. నా కొడుక్కీ దాన్నే పాడాను.
ఎవరి సొమ్మో. తిరిగిచ్చేద్దామన్నా
ఎక్కడా రాసి లేదు, ఆ పిల్ల పేరు, ఆ తండ్రి పేరు.
నాన్న రాసినవన్నీ ఏదో బీరువాలో భద్రంగా ఉన్నాయి.
ఆయన చేసిన ఒకే ఒక్క మంచిపనికి
సాక్ష్యం లేదు, నా గొంతు తప్ప.

"ఓటింగ్ ముగిసింది."
ఎగిదీయుస్ చీటీ: రెండువందల తొంభై ఒకటి,
రెండువందల తొంభై ఎనిమిది.
ఏది ఎటో తడబడకుండా చదివాను.
సగం సభ చప్పట్లు కొట్టింది.
మాజీ పోలీసు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు,
చాలాసేపు, ఒకే అద్దాన్ని.

మా బల్లకి ఒక మీట ఉంటుంది, దగ్గొస్తే నొక్కడానికి.
నొక్కి ఉంచినంతసేపూ
ఇన్ని దేశాల్లో ఎవరికీ మేం వినపడం.

నొక్కాను.
దగ్గు రాలేదు.
నక్క పాటలో మొదటి చరణం, పెదాల లోపలే.

ఎగిదీయుస్ చూశాడు.
హెడ్‌ఫోన్ సర్దుకుంటున్నట్టు
మొహం అటు తిప్పుకున్నాడు.