లేని మెట్టు

యోయెన్సూలో జనవరి. మధ్యాహ్నం మూడింటికే కిటికీలు నల్లబడ్డాయి.
ఇనుము ఏదీ లోపలికి రాకూడదన్నాను.
హెల్కా తలలోంచి ఒక్కొక్క పిన్నూ తీసి ట్రేలో వేసింది.
తొమ్మిది. తెల్లజుట్టు భుజాల మీదికి జారాక
ఎనభై రెండేళ్ల మనిషి
ఎవరింట్లోనో నిద్రలేచిన పిల్లలా కనబడింది.

ఆమె చావు ఇళ్లలో ఏడుపును పేనుతుంది, దారం పేనినట్టు.
సరిహద్దు దాటి వచ్చిన కరేలియా అమ్మమ్మల దగ్గర నేర్చింది.

ముందు గొట్టంలోంచి నాలుగు చుక్కల పంచదార నీళ్లు.
తెర మీద, మెదడు అడుగున, బఠాణీ గింజంత చోట మిణుకు.
బాగుంది, అన్నాడు యార్కో. పని చేస్తోంది.
తర్వాత ఆమె గొంతే ఆమెకి వినిపించాం:
తమ్ముడు తైస్తో పెట్టె పక్కన, పద్నాలుగేళ్ల కిందటిది.
యంత్రం సుత్తి దెబ్బల సందుల్లోంచి
ఆ గొంతు ఎక్కి, ఎక్కి, ఒకచోట విరిగింది.

అదే బఠాణీ గింజ. అదే మిణుకు.
పంచదారకంటే ఎక్కువ.
అదీ, విరగడానికి పదకొండు సెకన్ల ముందే.

బొమ్మ చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.
"ఇది దేని చోటు?"
ఆనందానిది, అన్నాను. అని నాలిక్కరుచుకున్నాను.
"తమ్ముడు పోతే నేను ఆనందించానా?"
యార్కో ఏవో రసాయనాల పేర్లు చెప్పాడు. ఆమె వినలేదు.
పిన్నులు మళ్లీ గుచ్చుకుంటూ, గోడతో అన్నట్టు అంది:
"మా నేలమాళిగలో దీపం ఉండేది కాదు. ఆలుగడ్డల కోసం దిగేవాళ్లం.
మెట్టు ఎక్కడుందో పాదానికి తెలుసు.
కాలు ఆనే ముందు ఒక్క క్షణం, చూడు, అప్పుడు...
దాన్ని నువ్వు ఆనందమంటే అను.
కిందికే దిగుతున్నాం గదా, మరి."

ఫారంలో ఒక గడి ఉంది: ఆనందం, సున్నా నుంచి పది.
ఆమె దాని మీద కోటు గుండీ ఒకటి పెట్టింది.
ఊడింది, కుట్టుకోవాలి, అంటూ
తిరిగి జేబులో వేసుకుని వెళ్లిపోయింది.

ఏం వేయమంటావని యార్కో అడుగుతూనే ఉన్నాడు.
కళ ఎందుకు అన్న ప్రశ్నకి మాకు మూడేళ్ల నిధులిచ్చారు.
రెండేళ్లు అయిపోయాయి.

ఆరింటికి తాళం వేశాను. మెట్ల దీపం దానంతటదే ఆరిపోయింది.
రోజూ దిగే మెట్లే. ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
అడుగున, లేని ఒక మెట్టు కోసం కాలు చాపాను.
ఒళ్లంతా ఝల్లుమంది.
చీకట్లో అక్కడే కాసేపు నిలబడ్డాను,
ఆమె గొంతు ఎక్కడ విరిగిందో
లోపల వెతుక్కుంటూ.